రెండు చుక్కల ప్రోపోలిస్

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో మా ఆయన నా మాట విని చేసిన పని ఒక్కటి చెప్పమంటే చాలాకాలం నాకు ఒక్కటీ తట్టేది కాదు. ఎర్ర కారు వద్దన్నాను, ఎర్రదే కొన్నారు. ఆక్లాండ్ శివార్లలో, ఫ్లాట్ బుష్‌లో ఆ వాలు మీదున్న ఇల్లు వద్దన్నాను, వానొస్తే నీళ్లన్నీ గరాజ్‌లోకి వస్తాయని మొత్తుకున్నాను. ఇల్లు కొన్నారు, నీళ్లూ వచ్చాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని ఆ నీళ్లు తోడుతూ కూడా, "చూశావా, డ్రెయిన్ ఎంత ఫాస్ట్‌గా లాగేస్తోందో" అని నాకే చూపించిన మనిషి. ఇప్పుడు అడిగితే మాత్రం ఒకటి చెప్పగలను. ఒకే ఒక్కసారి నా మాట విన్నారు. తు.చ. తప్పకుండా విన్నారు. దాని గురించే ఇది.

మా ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది కడుపు కోసం. ప్రాణం మాత్రం షటిల్ మీద ఉంటుంది. వారానికి మూడు సాయంత్రాలు, ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న స్పోర్ట్స్ హాల్లో, నలభై దాటిన పన్నెండు మంది తెలుగు మగవాళ్లు మోకాళ్లకు పట్టీలు బిగించుకుని, పాయింటు పాయింటుకీ పోట్లాడుకుని, చెమటలు కక్కుకుంటూ ఇళ్లకు చేరతారు. మా ఆయన కుడి మోకాలు నలభై ఎనిమిదో ఏటే రాజీనామా ఇచ్చింది. ఈయన ఆమోదించలేదు. ఆటకు అరగంట ముందు ఒక నొప్పి మాత్ర, ఆటయ్యాక అన్నం తిని ఇంకో మాత్ర. మాత్ర వేసుకుంటే నొప్పి ఉండదు, నొప్పి లేదు కాబట్టి మోకాలు బాగున్నట్టే. ఈ తర్కంతో ఆయన నాలుగేళ్లు ఆడారు.

ఆ మాత్రలు ఎక్కడివంటారా? షటిల్ జట్టులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఇండియా వెళ్లినా ఇక్కడ పేరున్న మనూకా తేనె సీసాలు పట్టుకెళ్లి చుట్టాలకు పంచాలి, తిరిగి వచ్చేటప్పుడు జట్టు మొత్తానికి సరిపడా నొప్పి మాత్రలు తేవాలి. ఇక్కడైతే గట్టి మోతాదు మాత్రకు డాక్టరు చీటీ కావాలి. అక్కడ మందుల షాపువాడికి వేలు చూపించి ఎన్ని అట్టలంటే అన్ని అట్టలు. వచ్చేటప్పుడు ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో వీళ్ల వినయం చూడాలి. గోంగూర పచ్చడి, కందిపొడి, ప్రసాదం లడ్డూ, అన్నీ ఫారంలో రాసి ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. ఫైన్ వేస్తారని భయం. మాత్రల సంగతి మాత్రం ఒక్కరూ రాయరు. ఎందుకయ్యా అని ఒకాయన్ని అడిగితే, "ఫుడ్ ఐటమ్స్ రాయమన్నాడు వదినా, అవి ఫుడ్ కాదు కదా" అన్నాడు. అలా వచ్చిన మాత్రలన్నీ మా ఇంట్లో, మా ఆయన పాత షటిల్ బూట్ల పెట్టెలో, రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలుగా ఉండేవి. జట్టులో ఎవరికి కావాలన్నా ఈయన దగ్గరికే రావాలి. మా గరాజ్‌లో అలమర మీద ఓ చిన్న మెడికల్ షాపు నడిచేది.

ఇక నా సంగతి. నేను తేనె సీసాల్లో నింపే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. తేనె తియ్యడం, నింపడం నాకు రావు. నా పనల్లా లేబుళ్లు చూడటం. సీసా మీద ఏం రాయొచ్చో, ఏం రాయకూడదో ఈ దేశంలో కచ్చితమైన రూలు ఉంది. తేనె ఆహారం. అది మందు వేషం వెయ్యకూడదు. "నయం చేస్తుంది" అని రాయకూడదు, "తగ్గిస్తుంది" అని రాయకూడదు, "కాపాడుతుంది" అని అసలు రాయకూడదు. మార్కెటింగ్ వాళ్లు మాత్రం వారానికోసారి ఏదో ఒక వంకన ఆ మాటలే దొంగతనంగా ఎక్కించి పంపుతారు. నేను ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. ఫ్యాక్టరీలో నన్ను చూస్తే సీసాలు కూడా నోరు మూసుకుంటాయని ఓ జోకు ఉంది. జీతం తీసుకునేదే అందుకు కదా, నేనూ మూతి బిగించుకునే తిరిగేదాన్ని.

మా ఆయనకు బీపీ మాత్రలు మొదలయ్యాక ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించడం ఆనవాయితీ అయింది. ఆ వేసవి చివర డాక్టరు మమ్మల్ని పిలిపించాడు. పొడుగాటి కివీ ఆయన, అంటే ఈ దేశపు మనిషే, నెమ్మదస్తుడు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, కిడ్నీల పనితీరు కిందటేడుకన్నా తగ్గిందని వేలు పెట్టి చూపించాడు. తర్వాత తాపీగా, "నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు.

"నో, నో. నథింగ్" అన్నారు మా ఆయన, తడుముకోకుండా.

నేను గోడ మీద కూరగాయల బొమ్మలున్న పోస్టరు చూస్తూ కూర్చున్నాను. అందులో కేప్సికం చాలా బాగా వేశారు. కారెక్కాకే నాకు నోరొచ్చింది.

"అంత అబద్ధం ఎలా ఆడారండీ?"

"అబద్ధమేముందోయ్? ఆయన అడిగింది ఇక్కడ కొన్నవి. ఇక్కడ నేనేం కొన్లేదు."

"మరి ఆ పెట్టెలో ఉన్నవేంటి, పిప్పరమెంట్లా?"

"అవి మన మందులు. చెప్పామనుకో, సిస్టంలో ఎక్కిస్తాడు. సిస్టంలో ఎక్కిందంటే ఎయిర్‌పోర్టు దాకా పోతుంది. నెక్స్ట్ టైమ్ దిగ్గానే సూట్‌కేస్ విప్పిస్తారు. నీకు తెలీదు, ఊరుకో."

డాక్టరు కంప్యూటర్‌కీ, ఎయిర్‌పోర్టు స్కానర్‌కీ మధ్య తీగ లాగిన మహానుభావుడు. రోజంతా కంప్యూటర్ల మీదే బతికే మనిషి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ గదిలో నోరు తెరిచి "వాడుతున్నారండీ" అనే ఒక్క మాట నేనూ అనలేదు కదా. నాకూ ఎక్కడో ఆ సూట్‌కేస్ భయం ఉంది. పైగా మొగుడు "నో" అన్నాక పక్కనే కూర్చుని "ఎస్" అంటే పరాయివాళ్ల ముందు ఆయన పరువేం కావాలి? అలా కిడ్నీల కన్నా పరువు ముందు నిలబడింది.

ఇంటికొచ్చాక మాత్రలు మానమని నెల రోజులు పోరాను. బతిమాలాను, తిట్టాను, రెండు రోజులు మాట్లాడటం మానేశాను. మాట్లాడకపోతే ఆయనకు హాయిగా ఉందని మూడో రోజు తెలిసి మళ్లీ మొదలుపెట్టాను. ఓసారి కోపం పట్టలేక పెట్టె తీసుకెళ్లి ఎర్ర మూత చెత్తడబ్బాలో పడేశాను. చెత్తబండి రాకముందే ఆయన తీసి, తుడిచి, మళ్లీ అలమర మీద పెట్టుకున్నారు. ఇక మాన్పించడం నా వల్ల కాదని తేలిపోయింది. తియ్యలేనప్పుడు ఇంకోటి కలుపుదామని ఎవరికి తోస్తుందో గాని, నాకు తోచింది.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ లంచ్‌రూమ్‌లో పెరుగన్నం తింటూ ఫోన్లో వెతికాను. చేతిలో ఉన్న పనే కదా, తేనె, కిడ్నీ అని కొట్టాను. ఓ వ్యాసం దొరికింది. కొన్ని మందులు కిడ్నీలను పాడు చేస్తాయనీ, తేనె, రాయల్ జెల్లీ, పుప్పొడి, ప్రోపోలిస్ లాంటివి ఆ హానిని తగ్గిస్తున్నట్టు కనిపిస్తోందనీ ఉంది. ప్రాణం లేచొచ్చింది. మొత్తం చదివాను. అర్థం కాక తప్పు చేశానని చెప్పుకుంటే బాగుండేది గాని, ఆ సదుపాయం నాకు లేదు. పరీక్షలన్నీ ఎలుకల మీద చేశారని స్పష్టంగా ఉంది. ఎలుకలకు ఇచ్చినవి మా ఆయన మింగే మాత్రలు కూడా కావు, వేరే మందులు. మనుషుల్లో పని చేస్తుందో లేదో ఇంకా చూడాలని చివర్లో రాశారు. ఆ చివరి పేరా చదువుతూ నేను గిన్నె కడుక్కోవడానికి లేచాను.

మా ప్రాంతం తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. తేనె కంపెనీలో పని చేస్తున్నానని అందులో నాకు కాస్త గౌరవం. ఎవరి పిల్లకు దగ్గొచ్చినా నన్నే అడుగుతారు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని తెలుగులో రాశాను: "ప్రోపోలిస్ అంటే తేనెటీగలు చెట్ల బంక తెచ్చి గూట్లో పగుళ్లు పూడ్చుకునే జిగురు. మందుల వల్ల కిడ్నీలకు జరిగే హాని నుంచి ఇది కాపాడుతుందని ఎలుకల మీద జరిపిన పరిశోధనల్లో తేలింది. రోజూ రెండు చుక్కలు చాలు. స్టాఫ్ రేటుకి కావాల్సినవాళ్లు నాకు చెప్పండి."

చదువుకుని చూస్తే అంతా బాగుంది, ఆ ఎలుకలే బాగాలేవు. నోట్లో వేసుకునే వస్తువు గురించి చెబుతూ ఎలుకలేమిటి, అసహ్యంగా. తీసేశాను. తొమ్మిదేళ్లుగా మాటలు కొట్టేసి కొట్టేసి అలవాటైన చెయ్యి, అరక్షణం పట్టలేదు. రోజంతా సీసాల మీద నుంచి ఏరి పారేసే "కాపాడుతుంది" మాత్రం వాక్యం మధ్యలో దర్జాగా కూర్చుంది. దాన్ని చూసి నా చెయ్యి కదలలేదు. అన్నట్టు, ఆ రెండు చుక్కల లెక్క ఎక్కడిదంటారా? వ్యాసంలో లేదు. పోలియో చుక్కలు రెండే కదా వేసేది, అదేదో నోటికి తిరిగింది.

గ్రూపులో దండాలు, బొటనవేళ్లు వరదలా వచ్చాయి. "అక్కా, మీరు ఫీల్డ్‌లో ఉన్నారు కాబట్టి మీ మాట నమ్మొచ్చు" అని ఒకావిడ. "నాకు నాలుగు సీసాలు వదినా" అని ఒకాయన. మా ఆయన మాత్రం ఉలకలేదు, పలకలేదు. నా మెసేజ్‌లు ఆయన చదవరని నాకెప్పట్నుంచో అనుమానం. సీసా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మూడో రోజుకి అది షటిల్ బ్యాగ్‌లోకి మారింది.

ఓ సాయంత్రం ఆయన మర్చిపోయిన నీళ్ల సీసా ఇవ్వడానికి హాలుకు వెళ్లి చూశాను కదా, ఆట మొదలవకముందు బెంచీ పక్కన వరసగా నిలబడి ఉన్నారు మగవాళ్లంతా. మా ఆయన ఒక్కొక్కరి అరచేతిలో ఒక మాత్ర పెట్టి, నాలుక మీద రెండేసి చుక్కలు వేస్తున్నారు. గుడిలో తీర్థం ఇచ్చినట్టే. తీసుకున్నవాళ్లు చెయ్యి తల మీద రాసుకోవడం ఒక్కటే తక్కువ.

"మాత్ర కిడ్నీని కొడుతుంది బాస్, ఇది అడ్డం పడుతుంది. ఈక్వల్ అయిపోద్ది" అంటున్నారు ఒకాయనతో.

నన్ను చూసి, "ఇదిగో, మా మేడమ్ ఫార్ములా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు లోపల్లోపల గర్వంగా ఉంది. ఇరవై ఆరేళ్లకు నా మాట విన్నారు, అదీ పది మందిలో. అంతకుముందు ఆట ఉన్న రోజు మాత్రమే రెండు మాత్రలు వేసుకునే మనిషి, ఇప్పుడు ఆట లేని రోజు పొద్దున్న కూడా ఒకటి వేసుకుంటున్నారని నాకు తెలుసు. పెట్టెలో కట్టలు తరిగిపోతున్నాయనీ తెలుసు. అడిగితే, "చుక్కలు వేసుకుంటున్నాగా" అనేవారు. నేను చెప్పిందే నాకు చెబుతుంటే ఇంక ఏమనను?

అదే వారం మార్కెటింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక లేబుల్ మీద "మీ శరీరానికి రక్షణ" అని రాసి పంపింది. పిలిచి అరగంట క్లాసు పీకాను. జనం నమ్ముతారమ్మా, నమ్మి మందులు మానేస్తారు, లేకపోతే ఎక్కువ మింగుతారు, ఒక్క మాట రాసేముందు ఒంట్లో బాగాలేనివాడు దాన్ని ఎలా చదువుతాడో ఆలోచించు అని చెప్పాను. పాపం ఆ పిల్ల నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇప్పటికీ ఆ అమ్మాయి ఎదురుపడితే నేను వేరే దారిలో వెళ్తాను.

చలికాలం మధ్యలో, హామిల్టన్ ఊరి నుంచి వచ్చిన రోటోటూనా జట్టుతో మావాళ్లకు పోటీ పడింది. శనివారం ఆట. ముందురోజు ఆఫీసు పార్టీలో ఏం తిన్నారో, శుక్రవారం సాయంత్రం నుంచి మా ఆయనకు వాంతులు, విరేచనాలు. పొద్దున్నకు మనిషి తోటకూర కాడలా వేలాడిపోయారు. వెళ్లొద్దన్నాను. ఇది మామూలుగా వినని రకం మాట కాబట్టి వినలేదు. బీపీ మాత్ర వేసుకున్నారు, ఒకటికి రెండు నొప్పి మాత్రలు మింగారు, చుక్కలు కూడా నాలుగు వేసుకున్నారు, వెళ్లారు. గెలిచారట. కప్పు పట్టుకున్న ఫోటో గ్రూపులో ఉంది. అందులో మొహం తెల్లగా పాలిపోయి ఉంటుంది, నవ్వు మాత్రం చెవుల దాకా ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం సోఫాలోంచి లేవబోయి కూలబడ్డారు. పాదాలు చూస్తే బూరెల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఒంటేలుకి ఎప్పుడు వెళ్లారండీ?" అని అడిగాను.

ఆలోచించారు. "నిన్న... ఆటకి ముందు" అన్నారు.

ఎర్ర కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తం తీశారు, సెలైన్ ఎక్కించారు, మూత్రానికి గొట్టం వేశారు. సాయంత్రానికి ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. వాళ్లు అలా కూర్చున్నారంటే మంచి కబురు కాదని నాకప్పుడే తెలిసింది. కిడ్నీలు దాదాపు పని మానేశాయి, రెండు మూడు రోజులు చూస్తాం, తేరుకోకపోతే డయాలసిస్ తప్పదు అంది. మా ఆయన తల ఊపారు. ఆవిడ వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లిపీటల మీద తప్ప నలుగురిలో ఎప్పుడూ చెయ్యి పట్టుకోని మనిషి. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే వార్డు ఫార్మసిస్టు వచ్చింది. నా వయసే ఉంటుంది. కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, ఆయన మింగేవన్నీ ఇంటి నుంచి తెమ్మంది. డాక్టరు రాసినవే కాదు, అన్నీ, నోట్లోకి వెళ్లేవి ప్రతి ఒక్కటీ అని వత్తి చెప్పింది. ఇంటికెళ్లి సంచీలో బీపీ మాత్రలు వేశాను, తేనె సీసా వేశాను, ప్రోపోలిస్ వేశాను. గరాజ్‌లో బూట్ల పెట్టె ముందు నిలబడ్డాను. చూడండి, మొగుడు మంచం మీద అలా పడి ఉంటే, నాకు అప్పుడు కూడా సిస్టం, ఎయిర్‌పోర్టు, సూట్‌కేస్ గుర్తొచ్చాయి. పెట్టె తీశాను, మళ్లీ పెట్టాను. సిగ్గు లేని జన్మ అని నన్ను నేనే తిట్టుకుని, పెట్టెను చంకలో పెట్టుకుని బయల్దేరాను.

ఆవిడ అన్నీ మంచం మీది బల్ల మీద పరిచింది. బూట్ల పెట్టె మూత తీసినప్పుడు ఒక్క క్షణం ఆగింది, అంతే. తిట్టలేదు. ఎయిర్‌పోర్టు మాట ఎత్తలేదు. రోజుకు ఎన్ని, ఎప్పట్నుంచి అని అడిగింది. మా ఆయన ఈసారి నిజమే చెప్పారు. రాసుకుంది. తర్వాత ప్రోపోలిస్ సీసా ఎత్తి పట్టుకుని, ఇది దేనికని అడిగింది.

మా ఆయన మొహం వెలిగింది. రెండు రోజులుగా ఆయన మొహంలో వెలుగన్నది అదే చూడటం. ఫోన్ తెమ్మని నాకు సైగ చేశారు. వాట్సాప్ తెరిచి, వెతక్కుండానే, ఒక్క నొక్కులో నా మెసేజ్ తీశారు. నక్షత్రం గుర్తు పెట్టి దాచుకున్నారు. నా మెసేజ్! దాన్ని చూస్తూ ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో ఆవిడకు చదివి వినిపించారు. చెట్ల బంక, గూట్లో పగుళ్లు, మందుల వల్ల కిడ్నీలకు జరిగే హాని నుంచి కాపాడుతుంది, రెండు చుక్కలు. చదవడం అయ్యాక నా వైపు చెయ్యి చూపించారు.

"మా ఆవిడ రాసింది. హనీ కంపెనీలో లేబుల్స్ అన్నీ తనే చెక్ చేస్తుంది. ఒక్క మాట తప్పున్నా వదలదు. తను రాసిందంటే అది కరెక్టే" అని చెప్పారు.

ఇరవై ఆరేళ్లు. నాతో ఒక్కసారి కూడా అనని మాట ముక్కూ మొహం తెలియని ఆవిడతో అంటున్నారు, చేతికి సెలైన్ సూది ఉండగా.

ఆవిడ సీసా వంక చూస్తూ, "ఇది మనుషుల మీద చేసిన పరిశోధనా?" అని అడిగింది. ఎగతాళి లేదు, మామూలుగానే అడిగింది.

"ఆఫ్ కోర్స్, మనుషుల మీదే" అన్నారు మా ఆయన. అని నా వైపు చూశారు, ఔనను అన్నట్టు.

"ఎలుకల మీద" అన్నాను.

పక్క మంచం ఆయన టీవీలో రగ్బీ నడుస్తోంది. ఫార్మసిస్టు కాగితం మీద ఏదో రాసుకుని, ఇది మనుషులకు మేలు చేస్తుందో లేదో ఎవరికీ తెలియదనీ, నొప్పి మాత్ర, బీపీ మాత్ర, ఒంట్లో నీళ్లు పోవడం, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసనీ చెప్పి, బూట్ల పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది.

"ఎలుకలా?" అన్నారు మా ఆయన, తెలుగులో.

"అవునండీ."

"ఆ మాట రాయలేదేం మరి?"

"చూడ్డానికి బాగాలేదని తీసేశానండీ."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది, నా దగ్గర తిరిగి అనడానికి చాలా ఉన్నాయి. ఆ పెట్టె ఎవరిది, డాక్టరుకు "నో" అన్నదెవరు, వాంతులతో ఆటకు వెళ్లిందెవరు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆయన మాత్రం ఫోన్ ఛాతీ మీద బోర్లా పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

నాలుగో రోజుకు కిడ్నీలు కదిలాయి. డయాలసిస్ దాకా వెళ్లలేదు. కానీ మొత్తం తేరుకోలేదు. పోయింది పోయిందే, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు. బతికినన్నాళ్లూ ఆ నొప్పి మాత్రలు ముట్టకూడదు. మాత్ర లేకపోతే మోకాలు లేదు, మోకాలు లేకపోతే షటిల్ లేదు. రాకెట్ గరాజ్‌లో, బూట్ల పెట్టె ఉండే చోట ఉంది.

ఇంటికొచ్చిన వారానికి గ్రూపులో రాశాను. నా ప్రోపోలిస్ మెసేజ్‌లో ఎలుకల మాట కావాలనే తీసేశాననీ, మనుషుల్లో ఏదీ రుజువు కాలేదనీ, చుక్కలను నమ్మి ఎవరూ నొప్పి మాత్రలు మింగొద్దనీ, మింగుతున్నవాళ్లు వెళ్లి డాక్టరుకు నిజం చెప్పమనీ, మా ఇంట్లో జరిగింది ఇదీ అనీ. ఇంత పొడుగు మెసేజ్‌కు మళ్లీ అవే బొటనవేళ్లు. "పర్లేదు వదినా, ఎలుకలకి పని చేస్తే మనకి చెయ్యదా ఏంటి" అని ఒకాయన. "స్టాఫ్ రేటు ఇంకా ఉందా అక్కా?" అని ఇంకొకావిడ. ఫోన్ గోడకేసి కొడదామనుకున్నాను. జట్టులో ఒకే ఒక్కడు, అందరికన్నా చిన్నవాడు, చప్పుడు చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి రక్తం ఇచ్చొచ్చాడట. ఎయిర్‌పోర్టు నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదని కూడా నాకు చెప్పాడు.

మా ఆయన మళ్లీ మామూలుగానే ఉన్నారు. ఉప్పు తక్కువ వేసిన పప్పు ముందు పెట్టి "ఇది మీకు మంచిదండీ" అంటే, "ఎలుకలకా, మనుషులకా?" అంటారు. మొదటిసారి అన్నప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. మంచినీళ్లు తాగమన్నా అదే, మెట్లెక్కొద్దన్నా అదే. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మొన్న మూడో రక్తపరీక్ష ఫలితానికి వెళ్తున్నాం. నేనే డ్రైవ్ చేస్తున్నాను. ఆయన మోకాలు నిమురుకుంటూ కూర్చున్నారు.

"ఈసారి నంబర్ బాగానే వస్తుందిలెండి, భయపడకండి" అన్నాను.

"డాక్టర్ అన్నాడా?"

"లేదండీ, నేనే అంటున్నాను."

"సరేలే" అని కిటికీ వైపు తిరిగారు.